కాసిపేట వంటిళ్ళలో చూచిన పొదుపు

కాసిపేట అనగానే చాలామంది కాజీపేట జంక్షన్ అనుకొంటారు. ఆ కాజీపేట వరంగల్లు ప్రక్కన ఉన్నది. మేము చెప్పబోయే కాసిపేట మంచిర్యాల జిల్లాలోని ఒక మండలం. 2016 అక్టోబరులో జిల్లాలు మారేవరకు ఇది ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. కాజీపేట నుండి బల్లార్షా వైపు వెళ్ళే రైలు గోదావరి దాటగానే మంచిర్యాల వస్తుంది. అక్కడ దిగి, మందమర్రి మీదుగా బెల్లంపల్లి వెళ్ళే బస్సెక్కి, సోమగూడెంలో దిగి లోపలికి వెళ్ళాలి.

మేము వెళ్ళినది శ్రమకాలపు దినములలో. అడవిలో ఇప్పపూలు రాలుతున్నాయి. ఎండలు ముదరలేదు. ఈ చిన్న మండలంలో నాలుగు రకాల బ్రతుకులు ప్రక్కప్రక్కనే కనిపిస్తాయి. నెల జీతం తెచ్చుకొనే సింగరేణి కార్మికులు, గనుల్లోను దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీలోను కాంట్రాక్టు పనికి పోయేవారు, ఏడాదికొకసారి పత్తి అమ్మితే డబ్బు చూచే రైతులు, అడవి అంచున గోండు, కొలాం, నాయకపోడు గూడేలవారు. ఈ నాలుగు రకాల ఇళ్ళలోను ఇల్లాలికి ఉన్న ప్రశ్న మాత్రం ఒక్కటే: వచ్చినదానిని నెలాఖరు వరకు, లేదా పంట వచ్చేవరకు ఎలా సరిపెట్టాలి?

జీతం ఉన్నా అప్పు ఎందుకు?

బొగ్గు బావి అంటే జీతం అని ఈ ప్రాంతం తరతరాలుగా నమ్మింది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1920 నుండి అది సింగరేణి కాలరీస్ అయింది. తర్వాత బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, గోదావరిఖని వరకు బావులు వచ్చాయి. పొలం లేనివారికి, వానకు నోచుకోని మెట్ట రైతులకు బావి పని ఆధారమైంది.

అయితే జీతమున్న ఇంటిలో అప్పు ఉండదనుకొంటే పొరపాటు. కిరాణా కొట్టులో ఉద్దెర ఖాతా, దినదినం వసూలు చేసే గిరిగిరి అప్పు, మిత్తికి మిత్తి, వీటికితోడు కల్లు, సారా. గనిలోంచి బయటికి వచ్చిన జీతం ఇంటి గడప చేరేలోపే సగం అయిపోయిన ఇళ్ళను ఈ ప్రాంతపు సంఘకాపరులు ఎందరినో ఎరుగుదురు. బావిలో పని చేసి రిటైరైన ఒకాయన భార్య మాతో ఇలా అన్నది: “జీతం పడ్డనాడు అందరం రాజులమే అమ్మా. ఇరవయ్యో తారీకు దాటినంక తెలుస్తది ఎవలి ఇల్లు ఎట్లున్నదో.”

ఇప్పుడు ఈ మాట మరింత ఆలోచించదగినది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. నేడు వారి సంఖ్య సుమారు 40 వేలు. ఒకప్పుడు బావులతో కళకళలాడిన బెల్లంపల్లిలో ఎన్నో బావులు మూతబడ్డాయి. కాంట్రాక్టు పనివారికి పర్మనెంటు కార్మికుల జీతం లేదు. రిటైరైతే క్వార్టరు కూడా ఖాళీ చేయాలి. బొగ్గు తరిగేదే కాని పెరిగేది కాదు. అది ఉన్నప్పుడే ఇంటిని నిలబెట్టుకోవాలి. యోసేపు ఐగుప్తులో ఏడు సమృద్ధి సంవత్సరములలో ధాన్యం కూర్చి కరవు కాలానికి నిలువచేసిన సంగతి బొగ్గు ప్రాంతపు కుటుంబాలకు చెప్పినట్లే ఉన్నది.

గంజి మొదలుకొని

పొదుపు అంటే కడుపు మాడ్చుకోవడం కాదు, పారవేయకపోవడం. ఆ రిటైరైన కార్మికుని ఇంటిలో అన్నం వార్చడం మేము చూడలేదు. నీరు కొలిచి పోసి, అత్తెసరు పెట్టి దించుతారు. “గంజి వంపుడెందుకు? బలమంతా అండ్లనే ఉంటది” అన్నదామె. ఆ మాట శాస్త్రమే. బియ్యంలోని బి విటమినులు నీటిలో కరుగుతాయి. గంజి పారబోస్తే అవీ పోతాయి. ఎప్పుడైనా వార్చినా, ఆ గంజిలో ఉప్పు, కాస్త మజ్జిగ కలిపి పిల్లలకు ఇస్తుందట.

రాత్రి మిగిలిన అన్నం ఉదయం సద్ది అవుతుంది. దానిలో మజ్జిగ పోసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నంజుకొంటే మొదటి షిఫ్టువానికి అదే టిఫిను. హోటల్లో ఇడ్లీకి, టీకి రోజుకు 40 రూపాయలు పెట్టేవాడు నెలకు 26 మస్టర్లకు 1,040 రూపాయలు అక్కడే వదిలివస్తాడు. అయితే వేసవిలో అన్నాన్ని నీటిలో వేసి చల్లని చోట మూతపెట్టి ఉంచాలి. వాసన మారితే పెట్టకూడదు. పొదుపు పేరిట చెడినది తిని ఆసుపత్రి పాలైతే ఆదా చేసినదానికి పదింతలు పోతుంది.

బీరకాయ చెక్కు, సొరకాయ తొక్కు చెత్తబుట్టకు పోవు. వేయించి, మిరపకాయ, చింతపండు, నువ్వులతో నూరితే పూటకు తొక్కు తయారు. తోటకూర కాడలు పప్పులో పడతాయి. మిగిలిన జొన్నరొట్టెలు నలిపి బెల్లం కలిపితే మలీద. పిల్లలు దుకాణంలోని కురుకురేల సంగతి మరచిపోతారు.

పొయ్యి అక్కరలేని కూర కూడా ఒకటి ఉన్నది, పచ్చి పులుసు. చింతపండు నానబెట్టి పిసికి, తగినన్ని నీళ్ళు పోసి, ఉప్పు, కాల్చి నలిపిన మిరపకాయ, తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, ఇష్టమైతే వేయించి దంచిన నువ్వులు కలిపితే అయిపోయింది. నూనె చుక్క లేకుండా ఇంటిల్లిపాది అన్నం తింటారు. అయితే పులుసు ఒక్కదానితోనే పూట గడిపితే కండకు బలం చాలదు. అందుకే ఆ ఇంటిలో పచ్చి పులుసు చేసిన పూట ప్రక్కన ముద్దపప్పో, ఉడికించిన ఉలవలో తప్పక ఉంటాయి. మూడు పాళ్ళు ధాన్యానికి ఒక పాలు పప్పుదినుసు ఉంటే మాంసకృత్తులు ఒకదాని లోటును మరొకటి తీర్చుతాయని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతుంది.

సాయంత్రం తిండికి సర్వపిండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు కలిపి, దళసరి గిన్నె అడుగున చేతితో అద్ది, నడుమ వ్రేలితో చిన్న గుంటలు చేసి, వాటిలో కొద్దిగా నూనె వేసి మూతపెట్టి కాల్చుతారు. బాణలి నిండా నూనె కాచే బజ్జీలకంటే ఎంతో చవుక.

ఏ కాలానిది ఆ కాలంలో

కాంట్రాక్టు కార్మికుని భార్య ఒకామె ఇంటి వెనుక నాలుగు గజాల స్థలంలో పుంటికూర, గంగవాయిలి, బచ్చలి, రెండు మునగ చెట్లు పెంచింది. గిన్నెలు కడిగిన నీరే వాటికి ఆధారం. “వారంల మూడు దినాలు నేను కూరగాయలకు పైసలు తియ్య” అన్నది. గంగవాయిలి చాలాచోట్ల కలుపు అని పీకి పారవేస్తారు. కందిపప్పుతో వండితే దాని రుచి వేరు. వర్షాలు పడగానే చేలగట్ల మీద వచ్చే తుమ్మికూర, వేసవి తొలినాళ్ళలో చింతచిగురు, ఇవి డబ్బు అడగని కూరలు.

గూడేలలో ఈ విద్య ఇంకా లోతుగా ఉన్నది. ఒక గోండు తల్లి తెల్లవారకముందే ఇప్పచెట్టు క్రింద ఊడ్చి, రాలిన పూలు ఏరుతుంది. ఇప్పపువ్వు అంటే సారాయే గుర్తుకు తెచ్చుకొనేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. అదే పువ్వును ఎండబెట్టి, వేయించి, నువ్వులు, బెల్లంతో దంచి లడ్డులు కడితే బిడ్డలకు బలమైన ఆహారం. దేవుడిచ్చిన ఒకే వస్తువు ఒక ఇంటిలో విషమవుతుంది, మరొక ఇంటిలో ఆహారమవుతుంది.

రైతుల ఇళ్ళలో మాకు విచారం కలిగించిన సంగతి ఒకటి చెప్పాలి. ఒకప్పుడు ఈ జిల్లా జొన్నలకు పేరు. జొన్నరొట్టె, గట్క, అంబలి ఇంటింటా ఉండేవి. జొన్నల మధ్య కంది, పెసర, అనుము సాళ్ళు వేసేవారు. ఇప్పుడు చేలన్నీ పత్తి. పత్తి తినలేము గదా! భూమి ఉన్న రైతు కూడా పప్పు దగ్గరనుండి పచ్చిమిరపకాయ వరకు కొట్టులో ఉద్దెరకు తెచ్చుకొంటున్నాడు. పత్తి సొమ్ము వచ్చిననాడు అది ఖాతాకే చాలదు. అయిదెకరాల పత్తిలో పది గుంటలు ఇంటి తిండికి విడిచినవారిని ఇద్దరు ముగ్గురిని చూశాము. వారి కొట్టు ఖాతా చిన్నది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పుడు పట్టణాలవారు జొన్నల విలువ ఎరిగి ఎక్కువ ధర పెట్టి కొన్నారు. చేను ఉన్నవారు దానిని మరువడం తగునా?

కొనవలసినవి కూడా పంట చేతికి వచ్చిన కాలంలోనే కొనాలి. కందులు సంక్రాంతి తర్వాత, చింతపండు, ఎండుమిర్చి వేసవిలో. స్త్రీల కూటములో నలుగురు కలిసి బస్తా తెచ్చి పంచుకొంటే చిల్లర కొట్టు లాభం మనకే మిగులుతుంది.

రేషను బియ్యం సంగతి కూడా మారింది. 2025 ఉగాది నుండి తెలంగాణలో రేషను కార్డుపై మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. లోగడ దొడ్డు బియ్యం తక్కువ ధరకు అమ్ముకొని, అంగడిలో సన్న బియ్యం కొన్న ఇళ్ళు ఎన్నో. ఇప్పుడు ఆ నష్టం తప్పింది. నలుగురున్న ఇంటికి 24 కిలోలు వస్తే, బియ్యానికి పెట్టే డబ్బు పప్పుకు, గ్రుడ్డుకు, పాలకు మళ్ళించవచ్చు.

తల్లి పస్తు పొదుపు కాదు

ఒక హెచ్చరిక. చాలా ఇళ్ళలో పొదుపు భారమంతా తల్లి కంచం మీద పడుతుంది. భర్తకు షిఫ్టు, పిల్లలకు బడి, అందరూ తిన్నాక అడుగున మిగిలినది ఆమెకు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే సంఘంలో స్త్రీల వైపు వరుసలో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి మించి!

ఆకుకూర వండి దానిమీద నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ త్రాగితే పట్టదు. ఖర్చులేని మందు ఇది. ఇంటి యజమానులారా, కుటుంబ ప్రార్థన తర్వాత అందరూ ఒకేసారి భోజనానికి కూర్చోండి. గిన్నెలో ఎంత ఉన్నదో అప్పుడు మీకు తెలుస్తుంది. ఆమె కంచం ఖాళీగా ఉన్న సంగతీ తెలుస్తుంది.

పిడికెడు బియ్యం

ఇంత ఆదా చేసి ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉన్నది. ఇల్లెందు బొగ్గు కోసం వేసిన రైలు దారి చీలేది దోర్నకల్లులో. ఆ దోర్నకల్లుకే 1912లో వి. ఎస్. అజరయ్యగారు మొదటి బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. కూలి చేసుకొనే పేద విశ్వాసులకు కూడా ఇవ్వడం నేర్పారు. వంట చేయబోయే ముందు పిడికెడు బియ్యం ప్రత్యేకించి ప్రభువు పనికి తెచ్చే అలవాటు అక్కడి స్త్రీలలో వేరూనింది. దూరాన మిజోరాంలో కూడా 1910 నుండి స్త్రీలు ఇదే పద్ధతిని నేటివరకు కొనసాగిస్తున్నారు.

పిడికెడు అంటే 50 గ్రాములనుకొందాము. రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు, ఏడాదికి 36 కిలోలు. ఇరవై ఇళ్ళు కలిస్తే ఏడు క్వింటాళ్ళు దాటుతుంది. పని పోయిన ఇంటికి, విధవరాలికి, బాలింతకు అది ఎంత ఆదరణ! కొలిచి వండే ఇంటికే పిడికెడు తీయడం చేతనవుతుంది. కొలత లేని ఇంటిలో ఎంత వండినా చాలదు.

అయిదువేలమందిని తృప్తిపరచిన మన ప్రభువు, రొట్టె కావాలంటే మరల చేయగలిగి ఉండి కూడా, మిగిలిన ముక్కలు పోగుచేయమని శిష్యులకు చెప్పాడు. పన్నెండు గంపలు నిండాయి. సారెపతు విధవరాలు తొట్టిలో ఉన్న పిడికెడు పిండితోనే ప్రవక్తకు ముందు అప్పము చేసి పెట్టింది. దేవుని కార్యము రెండుచోట్లా తిండి దగ్గరే కనబడింది.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ నెల ఒక చిన్న పుస్తకం తీసుకోండి. ఉద్దెర తెచ్చినది ఎర్ర సిరాతో, నగదుకు కొన్నది నల్ల సిరాతో వ్రాయండి. వంటింటిలో ఒక డబ్బా పెట్టి పూటపూటకు పిడికెడు వేయండి. నెలాఖరున భార్యాభర్తలిద్దరూ కలిసి ఆ పుస్తకం తెరచి చూడండి. ఎర్ర గీతలు నెలనెలకు తగ్గి, డబ్బా నెలనెలకు నిండునట్లు ప్రభువు మీ కుటుంబములను ఆశీర్వదించును గాక.