నిప్పుల మీద కూర



పాస్టరుగారు వంట గురించి వ్రాయడమేమిటని నవ్వకండి. మా సంఘంలో ఒక ఇంట జరిగిన సంగతి మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాము.

మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. మా సంఘంలోని ఒక విధవరాలి తోట కూడా పోయింది. అప్పు తీర్చాలని ఆమె ఒక్కగానొక్క కొడుకు ఓడ మీద పనికి వెళ్ళాడు. "కష్టంలో నన్నొగ్గీసి పోయాడు" అని ఆమె మనసులో పెట్టుకుంది. డబ్బు పంపినా, ఫోను చేసినా రెండు మాటలకంటె మాట్లాడేది కాదు. మేము ఎన్నోసార్లు నచ్చజెప్పాము. ఆమె తల ఊపేది, అంతే.

మొన్న సెలవు మీద వచ్చిన కొడుకు మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఓడలో గ్రీసు దేశపు వంటవాని దగ్గర నేర్చుకున్న కూర తానే చేస్తానన్నాడు. దాని పేరు బ్రియామ్. పౌలు సువార్త ప్రకటించిన ఫిలిప్పీ, థెస్సలొనీక, కొరింథు ఆ దేశంలోనివే గనుక మాకూ ఆసక్తి కలిగింది. అయితే పౌలు ఈ కూర తిని ఉండడు. బంగాళాదుంప, టమాటా అమెరికా ఖండంనుండి 1492 తరువాతనే ఐరోపాకు చేరాయి. వంకాయ మాత్రం మన ఆసియానుండే అక్కడికి వెళ్ళింది.

అతడు 4 వంకాయలు, 3 బంగాళాదుంపలు, ఒక బీరకాయ, 2 ఉల్లిపాయలు, 4 టమాటాలు దళసరి ముక్కలుగా తరిగాడు. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, మిరియాల పొడి వేశాడు. ఒలీవ నూనెకు బదులు నువ్వుల నూనె ఒక చిన్న గ్లాసుడు పోశాడు. అక్కడ వేసే ఆకు మన దగ్గర దొరకదు గనుక వామాకు తుంచి వేశాడు. నీళ్ళు పోయలేదు. వాళ్ళు ఓవెన్‌లో గంటకు పైగా కాలుస్తారట. ఇక్కడ ఓవెన్ లేదు. దళసరి డేకిసాలో పెట్టి, మూతమీద కూడా నిప్పులు వేశాడు.

తల్లి గుమ్మంలో కూర్చుని చూస్తోంది. అరగంటకు మూతమీది నిప్పులు చల్లారాయి. ముక్కలు ఉడికాయి గాని కాలలేదు. ఆమె ఇక ఉండలేకపోయింది.

"నిప్పు సాల్దురా. లే, నాను సూత్తాను."

పొయ్యిలోని సరుగుడు బొగ్గులు తెచ్చి మూతనిండా పరిచింది. మిగిలిన ఒక వంకాయను బూడిదలో దూర్చింది. కొడుకు ఆమె పక్కనే కూర్చున్నాడు.

"ఓడ మీద ఈ కూర తిన్నప్పుడల్లా నువ్వు కాల్చిన వంకాయే గుర్తొచ్చీదమ్మా. అందుకే నేర్చుకున్నాను" అన్నాడు.

ఆమె ఏమీ అనలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగవలననో ఏమో మేము అడగలేదు.

కూర అంచులు నల్లబడి, నూనె తేలి, కమ్మగా వచ్చింది. కాల్చిన వంకాయతో ఆమె పచ్చిపులుసు చేసింది. రెండూ అన్నంలోకి వడ్డించింది. మాకంటె ముందు కొడుకు కంచంలో వేసింది. ఆ సంగతి మేము గమనించి సంతోషించాము. ఆ రాత్రి వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారని తరువాత తెలిసింది.

క్షమాపణ గురించి ఆమెకు చెప్పాలని ఆ రోజు కూడా ఒక వాక్యం సిద్ధపరచుకొని వెళ్ళాము. అది చెప్పే అవసరం రాలేదు. పునరుత్థానుడైన ప్రభువు నిప్పులమీద చేపలు కాల్చి, తన్ను ఎరుగనన్న పేతురుకు ముందు భోజనం పెట్టి, ఆ తరువాతనే మాట్లాడాడు. ఎన్నో ఏండ్లుగా ఆ భాగం బోధిస్తూ ఈ క్రమాన్ని మేము గమనించలేదు.

ప్రియులారా, మీ ఇంట ఎవరితోనైనా మాట కరువైతే, ఒక పూట వారితో కూర్చుని కూరగాయలు తరగండి. ప్రభువు మీ పొయ్యిని, మీ ఇంటిని దీవించును గాక.