కౌలాలంపూర్ వెళ్లి బిర్యానీ తింటారా?

మా మేడిపల్లి నుంచి ఘట్‌కేసర్ వైపు వెళ్లి ఔటర్ ఎక్కితే శంషాబాద్. అక్కణ్నుంచి నాలుగు గంటలు చిల్లర విమానంలో కూర్చుంటే కౌలాలంపూర్. మనవాళ్లకి 2023 డిసెంబర్ నుంచి 30 రోజుల వరకు వీసా కూడా అక్కర్లేదు, ప్రస్తుతానికి 2026 చివరి వరకు ఈ వెసులుబాటు ఉంది. ప్రయాణానికి మూడు రోజుల ముందు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపుకుంటే చాలు. అందుకే మా ఆఫీసులో సగం మంది మలేషియా వెళ్లొచ్చేశారు. ట్విన్ టవర్స్ దగ్గర ఫొటో అందరికీ ఉంది. ఏం తిన్నారని అడగండి... ఐదు రోజులూ ఇండియన్ రెస్టారెంట్లో బిర్యానీ! ఉప్పల్‌లో దొరకని బిర్యానీయా అది?

వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేను. మనలో చాలామందికి అసలు భయం కారం గురించి కాదు, "అందులో ఏ మాంసం వేశారో" అని. మా అమ్మదీ అదే భయం. నాన్న పోయాక ఆమె ఊరు దాటడం అదే మొదటిసారి. వస్తానని ఒప్పుకుంది కానీ, సూట్‌కేస్‌లో సగం అటుకులు, పులిహోర పొడి, ఒక ఆవకాయ సీసా. నాకేమో ఆమె హోటల్ గదిలో అటుకులు నానబెట్టుకుని తినడం ఇష్టం లేదు.

కాబట్టి ఫోన్‌లో కొన్ని మలయ్ మాటలు రాసుకున్నా. మీరూ స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆయమ్ అంటే కోడి. ఇకాన్ చేప, ఉడాంగ్ రొయ్య, తెలూర్ గుడ్డు, కంబింగ్ మేక. డాగింగ్ అంటే మాంసం అని అర్థం, మెనూలో కనిపిస్తే చాలాసార్లు అది గొడ్డుమాంసమే. బాబి అంటే పంది. రెండాంగ్ చాలా బాగుంటుంది, కానీ తినే ముందు డాగింగా, ఆయమా అని అడగండి. ఈ ఏడు మాటలు వచ్చాక అమ్మ మెనూ నా చేతిలోంచి లాక్కుని తనే చదవడం మొదలుపెట్టింది.

మొదట తినాల్సింది నాసి లెమాక్. నాసి అంటే అన్నం, లెమాక్ అంటే కొవ్వుదనం, కమ్మదనం. బియ్యాన్ని కొబ్బరి పాలల్లో, పాండన్ ఆకు వేసి వండుతారు. ఇది మన మొగలి జాతిదే, వాసన మాత్రం కొత్త బాస్మతి బియ్యంలా ఉంటుంది. పక్కన ఎర్రటి సంబల్, వేయించిన పల్లీలు, కీరా ముక్కలు, ఉడికించిన గుడ్డు, కరకరలాడే చిన్న ఎండు చేపలు. వాటిని ఇకాన్ బిలిస్ అంటారు. అమ్మ ఒకటి నోట్లో వేసుకుని, "ఇవి మన అంగట్ల దొరికే నెత్తళ్లే గద బిడ్డా?" అంది. అవును, నెత్తళ్లే! ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు, పొట్లం ఖాళీ అయ్యేదాకా. పొద్దున్నే వీధి బండి మీద అరటాకు పొట్లం రెండు మూడు రింగిట్లకే దొరుకుతుంది. రింగిట్ అంటే సుమారు 20 రూపాయలు. పెద్ద హోటల్లో ప్లేటులో పెట్టి ఇచ్చేదాని కన్నా నాకు ఈ పొట్లమే నచ్చింది.

రోటీ చనాయ్, తే తారిక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పొరల పరోటా, పప్పు, పక్కన ఛాయ్. తారిక్ అంటే లాగడం. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి పోస్తూ నురగ తెప్పిస్తారు. తీపి మాత్రం మన ఇరానీ ఛాయ్‌ని మించిపోతుంది. ఈ రెండూ, నాసి లెమాక్ కలిసిన మలేషియా టిఫిన్ సంస్కృతికి 2024లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

పెనాంగ్ వెళ్తే నాసి కాందార్ తినండి. కాందార్ అంటే భుజాన కర్ర వేసుకుని మోయడం, అంటే మన కావడి. ఒకప్పుడు తమిళ ముస్లింలు ఒకవైపు అన్నం, ఒకవైపు కూరలు మోసుకొచ్చి అమ్మేవారట. "బంజిర్" అనండి, అన్నం మీద నాలుగైదు కూరల పులుసులు కలిపి పోస్తారు. బంజిర్ అంటే వరద!

అక్కడే అసమ్ లక్సా కూడా. కానాగంతలు ఉడికించి, చింతపండు పులుపు దట్టంగా పట్టించిన చేపల పులుసులో లావుపాటి బియ్యపు సేమ్యా, పైన పుదీనా, ఉల్లి, అనాస ముక్కలు. చేపల పులుసులో అనాసపండా అని మొహం చిట్లించకండి. నాకు ఈ ట్రిప్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే. అమ్మకి మాత్రం రెండు చెంచాలకే చాలైంది.

శాకాహారులకి ఒక మాట. సంబల్ చూడటానికి టమాటా పచ్చడిలా ఉంటుంది కానీ, చాలాచోట్ల అందులో బెలచాన్ వేస్తారు, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద. కూరగాయల వేపుడులో కూడా ఉండొచ్చు. "తన్పా బెలచాన్" అని అడగండి, అంటే అది లేకుండా అని. ఎండలో తిరిగొచ్చాక చెండోల్ మాత్రం అందరూ తినొచ్చు. ఐస్ తురుము, కొబ్బరి పాలు, కరిగించిన తాటిబెల్లం లాంటి బెల్లం, జంతికల గొట్టంలోంచి వత్తినట్టుండే ఆకుపచ్చ తీగలు.

చివరి రోజు కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో కూర్చుని చెండోల్ తింటుంటే, పక్క టేబుల్ పెద్దాయన "ఏ ఊరండీ మీది?" అన్నారు, అచ్చం శ్రీకాకుళం యాసలో. వాళ్ల తాత అటునుంచే పేరాక్ తోటల్లో పనికి వచ్చారట. అలా ఉత్తరాంధ్ర నుంచి రబ్బరు, కొబ్బరి తోటలకి వచ్చినవాళ్ల పిల్లలే 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఇప్పటి మలేషియా తెలుగు సంఘం అదే. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ ఈ కౌలాలంపూర్‌లోనే.

"ఇంట్లో ఏం వండుతరు అన్నా?" అమ్మ మొదటి ప్రశ్న అదే. సంక్రాంతికి అరిసెలు, మామూలు రోజుల్లో పొద్దున్న నాసి లెమాక్. "మా సంబల్లో బెలచాన్ ఉండదమ్మా, చింతపండే ఎక్కువ" అన్నారాయన. అమ్మ సంచీలోంచి మూత కూడా తీయని ఆవకాయ సీసా ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వాసన చూసి, మా ఫోన్‌లో మ్యాప్ తెరిపించి, పేరాక్ తీరంలో బగాన్ దాతోని వేలితో చూపించారు. ఈసారి అక్కడికి రమ్మన్నారు, కొబ్బరి అక్కడిదైతేనే నాసి లెమాక్ అట.