వద్దన్నంక లెక్క ఎవరు చెప్పాలె?

ఇది మన కరెంటు ముచ్చటే.

2019 సెప్టెంబర్ 16న మన అసెంబ్లీ నల్లమలల యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అణుశక్తి కేంద్రం చేతిల ఉంటది. రాష్ట్రానికి నిషేధం పెట్టే అధికారం లేదు, వద్దని గట్టిగ చెప్పొచ్చు అంతే. నేనైతే ఆ తీర్మానం న్యాయమే అంట. ఆ అడవిని నమ్ముకుని చెంచులు బతుకుతున్నరు, పక్కన కృష్ణమ్మ పారుతది. కడప జిల్లా తుమ్మలపల్లె గని పక్కన కె.కె.కొట్టాల రైతులు బోరునీళ్లు పాడైనయని ఏండ్ల సంది మొత్తుకుంటున్నరు. నీళ్లు పోయినంక రైతుకు ఏం మిగులుతది?

ఇంకో పక్క కూడా చూడాలె. దేశంల చాలా అణు రియాక్టర్లకు ఇంధనం తయారయ్యేది ఎక్కడో కాదు, మన మౌలాలి దిక్కు ఎన్‌ఎఫ్‌సీల. 1971ల పెట్టిన ఫ్యాక్టరీ అది. దానికి యురేనియం జార్ఖండ్ జాదుగూడ నుంచి కూడా వస్తది. అక్కడ గనుల పక్కన ఉండేది కూడా ఆదివాసులే. కర్ణాటక కైగా ప్లాంటు కరెంటు మన దక్షిణాది గ్రిడ్‌లకే వస్తది. 2018 జనవరి 1 నుంచి మన మోటార్లకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. స్విచ్ వేసేటప్పుడు అది ఏ ఊరి నుంచి వచ్చిందని మనం అడగం.

అణు కరెంటు వద్దంటే ఆ లోటు చాలామట్టుకు బొగ్గే పూడుస్తది. సింగరేణి ఓపెన్‌కాస్టుల కింద పోయిన ఊర్లు మనవి కావా? జర్మనీ 2023 ఏప్రిల్ 15న ఆఖరి మూడు రియాక్టర్లు బంద్ చేసింది. అదే ఏడు జనవరిల లూట్జెరాత్ అనే పల్లెను బొగ్గు గని కోసం పోలీసులతోని ఖాళీ చేయించిన్రు. గాలి కరెంటు, సోలార్ బాగనే పెంచుకున్నరు, అయినా బొగ్గు ఆగలే.

అందుకే నేననేది ఒక్కటే. వద్దనుడు తప్పు కాదు. కానీ వద్దన్న సర్కారు, బదులు కరెంటు ఎక్కడి నుంచి తెస్తదో, ఆ బరువు ఎవరి నెత్తిన పడుతదో కూడా చెప్పాలె. శ్రీకాకుళం కొవ్వాడల ప్లాంటు కావాలనేటోళ్లు కూడా ముందు ఆ ఊరోళ్లకు ఇదే లెక్క చెప్పాలె.

మన వంతు కూడా ఉన్నది. ఆటో స్టార్టర్లు తీసేద్దాం, మడి తడవంగనే మోటారు బంద్ చేద్దాం. ఆదా అయిన ప్రతి యూనిట్ ఏదో ఒక ఊరి మీద బరువు తగ్గిస్తది. మీరేమంటరు?