ఉదయగిరి నెత్తిమీద గంట ప్రయాణం!

స్కూలు అట్లాసు ఉంటే తీయండి. పక్కన ఒక స్కేలు కూడా. కడప విమానాశ్రయం నుంచి గన్నవరానికి ఒక గీత గీయండి. తిరుపతి నుంచి హైదరాబాదుకి ఇంకో గీత. రెండూ ఎక్కడ కలిశాయో చూశారా? మా ఉదయగిరికి పడమరగా, ఇరవై కిలోమీటర్ల లోపే! ఇన్ని ఆకాశమార్గాలు నెత్తిమీద పెట్టుకున్న ఊరికి రైలు స్టేషను కూడా లేదు మరి!

కడప - గన్నవరం తిన్నగా కొలిస్తే సుమారు 310 కిలోమీటర్లు. ఏటీఆర్ విమానానికి గంట పని. మన సినిమాలో ఇంటర్వెల్ కార్డు పడే లోపే దిగిపోతాం. 2015 జూన్‌లో కడపలో విమానాలు మొదలయ్యాక, ఈ ముచ్చటా తీర్చుకుందామని ఒకసారి బయల్దేరాను.

వెలిగొండలు దాటి, బద్వేలు మీదుగా కడప చేరేసరికి రెండున్నర గంటలు. విమానాశ్రయంలో పడిగాపులు గంటన్నర. గాల్లో గంట. గన్నవరం నుంచి బెజవాడ ఊళ్ళోకి ముప్పావుగంట. వెరసి అయిదుముప్పావు! కావలి మీదుగా కారులో పోయినా ఇంచుమించు అంతే. పైగా విమానం లేచిన పది పన్నెండు నిమిషాలకి కుడివైపు కిటికీలో కనిపించింది ఏమిటనుకున్నారు? పొద్దున నేను వదిలొచ్చిన ఉదయగిరి కొండే! నవ్వాలో ఏడవాలో తెలియలేదు సుమండీ.

మూడువేల అడుగులు దాటిన ఆ దుర్గం కోసం శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి హంపీ నుంచి వచ్చాడు. అదీ తిన్నగా కొలిస్తే 300 కిలోమీటర్లు దాటే ఉంటుంది. అంటే మన విమానం దూరమే! కోట లొంగడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది. 1514లో గెలిచి, ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపీ తీసుకెళ్ళి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి కృష్ణుడు కూడా చివరికి చెన్నై చేరాడన్నమాట, మా కుర్రాళ్ళలాగే!

అవును, కువైట్ పోయే మావాళ్ళలో చాలామంది విమానం ఎక్కేది చెన్నైలోనే. రాత్రంతా రోడ్డు మీద జాగారం చేసి, తెల్లారి విమానం. టికెట్ మీద 'ప్రయాణ కాలం' అని వేసే గంటల్లో ఆ రాత్రి ఉండదు. బస్టాండు దాకా వచ్చి చెయ్యి ఊపిన తల్లికి మాత్రం ప్రయాణం అక్కణ్ణుంచే మొదలు. రెండేళ్ళకో మూడేళ్ళకో కొడుకు మళ్ళీ ఆ బస్టాండులో దిగితేగాని ఆమెకది పూర్తికాదు.

నెల్లూరు జిల్లా దగదర్తిలో విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ విమానం ఎగిరిన రోజున ఆత్మకూరు వాళ్ళకీ మాకూ ఆ రాత్రి జాగారం తప్పుతుంది.

మన నెల్లూరు జిల్లా సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో 'ఆదిత్య 369' తీసి, కాలయంత్రంలో కూర్చోబెట్టి మనల్ని రాయలవారి కొలువుకి చిటికెలో చేర్చేశారు. మాకంత పెద్ద యంత్రం అక్కర్లేదు బాబూ! నెత్తిమీద పోయేదాన్ని ఎక్కడో దగ్గర్లో దింపితే చాలు.