జబ్బుకో అంకె

కథల్లో పాత్రలకి పేర్లు పెట్టడం తేలిక. సుగుణ అంటే సుగుణ, శేఖరం అంటే శేఖరం, కాదనేవాళ్ళుండరు. జబ్బుకి పేరు పెట్టడమే కష్టంట! మా అక్క కూతురు హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగంలో చేరాకగాని నాకీ సంగతి తెలియలేదు.

"అదేం ఉద్యోగమే?" అన్నాను.

"అమెరికా ఆస్పత్రుల కాగితాలు చదివి, డాక్టరు రాసిన ఒక్కో జబ్బుకీ దాని అంకె వెయ్యాలి పిన్నీ. అది చూసే ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బిస్తారు" అంది.

నేను బి.ఎ.లో చదివిన చరిత్రలో రాజులకే అంకెలుండేవి. మొదటి పులకేశి, రెండో పులకేశి. రోగాలకీ ఉంటాయని ఎవరనుకున్నారు?

2019 వేసవిలో అమెరికాలో కుర్రాళ్ళు దగ్గుతో, ఆయాసంతో, వాంతులతో ఆస్పత్రులకి రావడం మొదలైంది. ఏ సూక్ష్మజీవీ దొరకలేదు. అడగ్గా అడగ్గా తేలింది, అందరూ ఇ-సిగరెట్లు పీల్చినవాళ్ళేనని. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు లెక్కకొచ్చాయి. 68 మంది పోయారు. చాలామంది పీల్చింది గంజాయి సారం కలిపిన ద్రవం. అందులో కల్తీగా పోసిన విటమిన్ ఇ ఎసిటేట్ మీద అనుమానం బలపడింది. 51 మంది రోగుల ఊపిరితిత్తులు కడిగి తీసిన నీటిని పరీక్షిస్తే 48 మందిలో అదుంది! ఒంటికి రాసుకునే క్రీముల్లో వేసే సరుకది.

అయితే ఆ జబ్బుకి సొంత అంకె లేదు. ఒకరిది రసాయనాల వల్ల వచ్చిన వాపు కింద, మరొకరిది ఇంకోదాని కింద రాసుకోవాల్సి వచ్చేది. చివరికి 2020 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో యు07.0 అమల్లోకొచ్చింది. అదే రోజు పక్కవాటాలో ఎవరు దిగారో తెలుసాండీ? యు07.1. అంటే కోవిడ్!

"జబ్బు ఖాయమయ్యాక దగ్గు, ఆయాసం విడిగా రాయకూడదు పిన్నీ. కడుపునొప్పి, విరేచనాలుంటే రాయొచ్చు. డాక్టరు ఉత్త న్యుమోనియా అని ఊరుకుంటే, నాకెంత అనుమానమున్నా ఆ అంకె వెయ్యకూడదు. డాక్టర్ని అడుగుతూ చీటీ పంపాలి."

అంతదాకా గలగలా చెప్పిన పిల్ల గొంతు తగ్గించింది.

"తమ్ముడి సంచిలో పెన్నులాంటిదొకటి దొరికింది. స్నేహితుడిదంటాడు. అమ్మకి చెప్పనా?"

మనదేశంలో 2019లోనే వాటిని నిషేధించారు. ఐనా చాటుగా దొరుకుతూనే ఉన్నాయి. అక్కకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. వాడు ఇక జన్మలో నోరు విప్పడు.

"ముందు నువ్వే అడగవే, డాక్టరుకి చీటీ పంపినట్టు. కోపం లేకుండా అడుగు. వాడేం చెప్పినా పూర్తిగా విను. తర్వాత ఇద్దరూ కలిసి అమ్మకి చెప్పండి" అన్నాను.

వాడు రెండు రోజులు బిగుసుకుని, మూడోరోజు రాత్రి చెప్పాట్ట. స్నేహితుడిది కాదు, వాడిదే. ఆర్నెల్లుగా.

అమెరికా డాక్టర్లకైనా తొలి ఆచూకీ దొరికింది అడిగితేనే కదండీ! ఇంట్లో మనం మెల్లిగా అడిగి తెలుసుకుంటే, ఎక్కడో కూర్చున్న ఏ పిల్లో మన పిల్లాడికి అంకె వెయ్యాల్సిన పని తప్పుతుందేమో.