మా యింటి కాఫీయేతము

గత సంక్రాంతికి మా యింట నొక క్రొత్త వస్తువు ప్రవేశించినది. దానిని వంటయింటి గట్టుపై నిలిపినప్పుడు మా యత్తగారు కన్నులు చికిలించి చూచి, "ఇదేం ఏతంరా కొడుకా? బాయి యాడున్నది?" అని యడిగిరి. ఏతమునెరుగని పిల్లలిప్పుడు పెక్కురు గనుక చెప్పుచున్నాము. బావిగట్టున నాటిన కంబముపై నడ్డముగా నమర్చిన దూలమే యేతము. ఒక కొసను వంచిన రెండవ కొస లేచి నీటిని పైకి తెచ్చును. అత్తగారి మాటలో నబద్ధమేమియు లేదు. మావారు తెచ్చినది కాఫీ తీయు మీట. ఉక్కు కంబమొకటి, దానికొక పొడవైన పిడి, పిడిక్రింద గిద్దెడు నీరు పట్టు పాత్ర, ఆ పాత్రలో దిగు ముషలకము. విద్యుత్తు తీగ లేదు, మ్రోత లేదు. మరగిన నీరు మనమే పోయవలెను, బలమును మనమే పెట్టవలెను.

మా శామీర్‌పేటలో చాయదే రాజ్యము. కరీంనగరమునకు పోవు రహదారి పొడవునను చాయ దుకాణము లేని మలుపు కానరాదు. మేము కృష్ణాతీరపు పుట్టింటినుండి కాపురమునకు వచ్చునపుడు ఇత్తడి ఫిల్టరు నొకదానిని వెంట దెచ్చుకొంటిమి. కొన్నియేండ్లు ఈ యింట కాఫీ త్రాగినది మేమొక్కరమే. పిదప మావారికి మా గ్లాసులోని తుది గ్రుక్క యలవాటైనది. తుది గ్రుక్క సగము గ్లాసైనది. తరువాత వారికి వేరు గ్లాసే కావలసివచ్చినది. ఈ విధముగా చూచిన, దోషమునకు మూలము మేమే.

అయినను ఆ మీట వెల విన్ననాటి రాత్రి మేము భోజనము చేయలేదు. ఆ సొమ్ము బియ్యపుడబ్బాలో రెండేండ్లుగా మేము చేర్చుచు వచ్చినది. బట్టలుతుకు యంత్రమునకై చేర్చినది. నలుగురి బట్టలు, దుప్పట్లు, బడి సుద్దధూళి నిండిన చొక్కాలు వారమునకు మూడుమార్లు ఉతికి పిండు చేతులు మావి. చేతిపనిని తగ్గించు యంత్రమునకై దాచిన సొమ్ము చేతిపనిని పెంచు యంత్రమునకు పోయినది. "అడిగిన నీవు వద్దందువని యడుగలేదు" అని మావారనిరి. ఇంతకంటె నిజాయితీగల నేరాంగీకారమును మేమెన్నడును వినలేదు.

వారు బడిపంతులు గనుక తప్పు చేసినప్పుడెల్ల పాఠము చెప్పుదురు. ఆ రాత్రి చెప్పిన పాఠమిది. 1884లో ఇటలీలోని ట్యూరిను నగరమున మొరియాండో యను నతడు ఆవిరిబలముతో కాఫీ తీయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1901లో మిలాను నగరపు బెజ్జెరా దానిని ఒక్కొక్క కప్పుకు తీయునట్లు మార్చెను. కాని ఆవిరికి వేడి యెక్కువ, బలము తక్కువ. కాఫీ మాడి చేదెక్కెడిది. మిలానువాడే యైన అకిలే గజ్జియా 1938లో ఆవిరిని తొలగించి, వేడినీటిని ముషలకముతో త్రోయు నుపాయమునకు హక్కు పొందెను. యుద్ధానంతరము 1948లో వచ్చిన ఆయన యంత్రములలో స్ప్రింగుతో కూడిన మీట కలదు. ఆ మీట వంచిన కాఫీపై మున్నెన్నడులేని బంగారువన్నె నురుగు తేలినది. ఇదేమి కల్తీయని జనులు శంకింపగా, ఇది కాఫీయొక్క సహజమైన మీగడ యని ఆయన చాటుకొనవలసివచ్చెను. 1961లో ఫయేమా యను సంస్థ విద్యుత్తు పంపుతో యంత్రమును తెచ్చుటతో కాఫీశాలలలో మీటకు కాలము చెల్లసాగెను. విచిత్రమేమన, ఆ సంవత్సరముననే లా పవోనీ యను సంస్థ యూరోపికోలా యను చిన్న మీటయంత్రమును గృహములకై చేసినది. అంగడి విడిచిన మీట యింటికి వచ్చి చేరినది. నేడు ఫ్లెయిర్, రోబో మొదలగు పేర్లతో వచ్చు విద్యుత్తక్కరలేని మీటలన్నియు ఆ వంశమువే.

పాఠము బాగున్నది. దుప్పట్లు మాత్రము పిండకుండగనే యున్నవి.

మరి యందులోని లెక్క కూడ చెప్పవలెను. మంచి యెస్ప్రెస్సోకు వాతావరణ పీడనమునకు తొమ్మిదింతల యొత్తిడి కావలెనందురు. ముషలకము అడ్డుకొలత 5 సెంటీమీటర్లైనచో దానిపై పడవలసిన బరువు సుమారు 180 కిలోలు. మీట దానిని పదియవవంతునకు దించినను చేతికి 18 కిలోలు మిగులును. అనగా ఒక నిండు నీళ్ళబిందె. మావారును వారి మిత్రులును ఈ బరువును గూర్చి గొప్పగా చెప్పుకొనుచుండగా, బిందెలు మోసిన మా యత్తగారు గడపలో గూర్చుండి నవ్వుచుండిరి.

మొదటి నలువది దినములు మా యింట కాఫీ యనదగిన ద్రవమేదియు పుట్టలేదు. చికోరి కలిసిన మా ఫిల్టరుపొడి దీనికి పనికిరాదట. అరకుగింజలు తెప్పించిరి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లోయ కాఫీ కొరకు 2017లోనే పారిసు నగరమున దుకాణము వెలసినదని విని మేమును సంతసించితిమి. గిరిజన స్త్రీలు ఎఱ్ఱగా పండిన కాయలను మాత్రమే యేరి కోయుదురు. అంత కష్టపడి కోసిన గింజలు మా యింట కుండీపాలగుచుండెను. చేతిమరలో ముదుకగా విసిరిన, నీరు పది సెకండ్లలో జారి పులుపెక్కును. మరీ మెత్తగా విసిరిన, మీట కదలదు, కదలినను చుక్కచుక్కగా దిగి చేదెక్కును. 18 గ్రాముల పొడినుండి 25 మొదలు 30 సెకండ్లలో 36 గ్రాముల కాఫీ దిగిన శుభము. ఆ శుభము కొరకు వారు త్రాసును, గడియారమును ముందుంచుకొని, వివాహముహూర్తము కాచు పురోహితునివలె నిలుచుండెడివారు. "క్షీరసాగరమును మథించినప్పుడును ముందు పుట్టినది హాలాహలమే గదా" యని సమాధానము. నిజమే, కాని యానాడు సమ్మతించినది పార్వతి, త్రాగినది ఆమె మగడు. మా యింట నది తారుమారైనది.

ఆదివారములందు మిత్రులు చేరెడివారు. మందుల పరిశోధనశాలలో పనిచేయు యువకుడొకడు గ్రాములో పదియవవంతు తేడా వచ్చినను పొడిని పారబోయును. మేడ్చలులో నివసించు రైల్వే పింఛనుదారొకరికి స్ప్రింగుమీట కలదు. వీరి మాటలలో మాటిమాటికి వినబడునది "చేయి" యను మాట. పంపుయంత్రమున మీట నొక్కి ప్రక్కకు తొలగవచ్చును; ఇందు పొడి యెట్లున్నదో చేతికే తెలియును, అది యెదిరించిన నెమ్మదింపవలెను, లొంగిన నిలువరింపవలెను, చివరకు ఒత్తిడిని కొంచెము కొంచెముగా సడలింపవలెను అని వారు చెప్పుచుండిరి. చేతికి తెలియుట! ముద్దపప్పు ఉడికినదో లేదో, చలిమిడి పాకము కుదిరినదో లేదో చేతితో తెలిసికొను వారిని ఈ దేశమున నెవరును రసికులనలేదు.

ఒకనాడు మమ్మును మేడ్చలునకు పిలిచిరి. రైలుపట్టాలకు దగ్గరి యిల్లు. స్ప్రింగుమీటలో ప్రమాదమొకటి కలదు. క్రిందికి వంచినపుడు స్ప్రింగు ముడుచుకొనును; పొడి సరిగా నెదిరించిన మీట మెల్లగా పైకి లేచును; ఎదిరింపు లేనిచో పాము పడగవలె ఎగయును. ఆనాడు పొడి ముదుకయైనదేమో, ఆ యువకుడు మీటను వదలగానే అది లేచి గడ్డమునకు తగిలినది. పెదవి చిట్లినది. పళ్ళు దక్కినవి. మంచుగడ్డ యొత్తుచున్నప్పుడు గూడ ఆ పిల్లవాడు, "పొడి ఇంకొంచెము మెత్తగా నుండవలసినదండీ" యనుచుండెను. ఈ పిచ్చి యెంత లోతైనదో మాకా దినమున తెలిసినది. మా కోపమును కొంత చల్లారినది. ఇంత ప్రేమింపబడు వస్తువును ద్వేషించుట కష్టము.

వేసవిలో మావారు పరీక్షపత్రములు దిద్దుటకై రెండుదినములు పట్టణమునకు పోయిరి. మధ్యాహ్నము గాలివాన వచ్చి విద్యుత్తు పోయినది. అత్తగారు నిద్రించుచుండిరి. ఎవరును చూడనప్పుడు మేము నీరు కాచితిమి. పాత్రను ముందు వేడినీటితో తొలిచితిమి. చల్లని లోహము నీటి వేడిని లాగుకొనునను మాట చాటుగా విన్నదే. పొడి విసిరి, అదిమి, నీరు పోసి, పిడి పట్టితిమి.

మొదట నేమియు లేదు. పిదప చేతిక్రింద నేదో బిగిసినది. ఆ బిగువును మేమెరుగుదుము. తడిసిన నేతచీరను మెలిపెట్టునపుడు మణికట్టునకు తగులు బిగువే యది. తొందరపడి మెలివేసిన నూలు చిట్లును; వదలిన నీరు నిలుచును; నీరు తానై విడుచునంత మాత్రమే బిగింపవలెను. మేము చీరను పిండినట్లే పిడిని వంచితిమి. తేనెవలె, ఎలుకతోకంత సన్నని ధార దిగినది. నురుగు తేలినది. వంటయింటి కిటికీకడ కూర్చుండి, వానలో చెరువువైపు చూచుచు, ఒక్కరమే త్రాగితిమి. ఎంతో కాలమునకు మేము కూర్చుండి త్రాగిన కాఫీ యదియే.

మావారు తిరిగివచ్చినపిమ్మట ఒక కప్పు చేసి ముందుంచితిమి. త్రాసు లేదు, గడియారము లేదు. వారు త్రాగి, కప్పును క్రిందనుంచి, "నీకెట్లు తెలిసినది?" అనిరి. "పదునాలుగేండ్లుగా మీ దుప్పట్లు పిండుచున్నాముగదా" యంటిమి. వారు నవ్వుదురనుకొంటిమి. నవ్వలేదు. ఆ సాయంత్రము బియ్యపుడబ్బా తెరచి చూచి మూసిరి.

ఆనాటినుండి ఆదివారపు టుతుకు వారిది. మేము కోరలేదు. చొక్కాలు పరవాలేదు, దుప్పటి మాత్రము ఒక్కరివలన కాదు. చెరియొక కొస పట్టుకొని డాబాపై పిండుదుము. చేయి చేయి యని యంత చెప్పిన వారు చివరి మెలిలో తొందరపడుదురు, సగము నీరు దుప్పటిలోనే యుండును. డబ్బాలో ఇప్పటికి మూడవవంతు సొమ్ము చేరినది. కార్తికమునకు యంత్రము వచ్చునేమో, రాదేమో. నిన్నటి ఆదివారము మిత్రులిద్దరును వచ్చి క్రింద వేచియుండగా, మేమిరువురము దుప్పటి మెలిపెట్టుచుంటిమి. మెట్లవద్దనుండి అత్తగారు కేక వేసిరి: "ఏతం ఒకరు, పిండుడు ఒకరు, బాగనే ఉన్నది. నా చాయ ఎవరు పెడ్తరు?"