తరగతి బయటి పాఠాలు – 9: పటేలు అరుగు



పోయిన వారం ఒక విద్యార్థి సభలో నన్ను పరిచయం చేస్తూ "మన పిల్లలకు పెద్ద దిక్కు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం పత్తి చేనులో నిలబడ్డ ఒక అమ్మాయి గుర్తొచ్చింది. ఆమె గురించి ఇన్నాళ్ళూ రాయలేదు. సిగ్గుతోనే రాయలేదు.

డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో మా పిల్లల స్కాలర్‌షిప్పుల పని నెత్తికెత్తుకున్నాను. ఆ తిప్పలు మీకు తెలియనివి కావు. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఈపాస్‌లో దరఖాస్తు, మీసేవలో వేలిముద్ర, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా నెలల తరబడి తిరగాలి. అన్నీ నేనే నింపేవాణ్ణి. ఆఫీసులో నేనే కొట్లాడేవాణ్ణి. "సార్ ఉన్నడు, సార్ చూసుకుంటడు" అనే మాట హాస్టల్ అంతా పాకింది. ఆ మాట వింటుంటే నాకు ఎంత బాగుండేదో చెప్పుకోవడం ఇప్పుడు కష్టంగా ఉంది.

ఒక ఏడాది దరఖాస్తుల గడువు దగ్గర పడినప్పుడు మా నాయినకు గుండెనొప్పి వచ్చింది. పది రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాను. ఫోన్లు ఎత్తలేదు. తిరిగొచ్చేసరికి గడువు అయిపోయింది. చాలామంది ఎట్లాగో చేసుకున్నారు. మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతి మిగిలిపోయింది. కొన్నాళ్ళకు కాలేజీకి రావడమే మానేసింది.

వాళ్ళ ఊరికి పోయాను. తల్లితో కలిసి పత్తి ఏరుతోంది.

"నెట్ సెంటర్‌కు పోతే అయిపోయేది కదమ్మా, ఎందుకు ఆగినవ్?"

"మీరొచ్చినంక మీరే చేస్తరని ఆగిన సార్. మీ నాయినకు ఎట్లుంది ఇప్పుడు?"

ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు. మరుసటి ఏడు మళ్ళీ చేరమని రెండుసార్లు అడిగాను. అప్పటికే పెళ్ళి కుదిరింది.

ఆ రోజు బస్సులో తిరిగొస్తుంటే నా చిన్నతనం యాదికొచ్చింది. మా నాయిన వేలిముద్ర మనిషి. ఏ కాగితం వచ్చినా పట్టుకుని పటేలు ఇంటికి పోయేవాడు. అరుగు ఎక్కే హక్కు లేదు, కిందే నిలబడేవాడు. పటేలు చదివి చెప్పిందే నమ్మాలి, చూపించిన చోట వేలు పెట్టాలి. ఆయన చెయ్యి పట్టుకుని నేనూ నిలబడ్డాను. ఆ అరుగు మీది కోపంతోనే పీహెచ్‌డీ దాకా చదివాను. చివరికి స్టాఫ్‌రూములో నా బల్లనే పిల్లలకు అరుగు చేశాను. నేను కూర్చోబెట్టేవాణ్ణి, చాయ్ తాగించేవాణ్ణి. అంతే తేడా. కాగితం మాత్రం నా చేతిలోనే ఉండేది.

1942లో నాగపూర్ సభలో అంబేద్కర్ చెప్పిన మూడు మాటలు మనం గోడల మీద రాసుకుంటాం. బోధించు, సమీకరించు, పోరాడు. ఆ వెంటనే ఆయన, మీ మీద మీరు నమ్మకం ఉంచుకోండి అని కూడా చెప్పాడు. ఆ నాలుగో మాటను గోడ మీద రాయడం మరిచిపోయాం. నేనైతే తరగతిలోనూ మరిచిపోయాను.

పూణేలో ఫూలే దంపతుల బడిలో చదువుకున్న మాంగ్ కులపు బాలిక ముక్తా సాల్వే, మాంగ్ మహార్ల బాధల మీద రాసిన వ్యాసం 1855లో జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. ఆ వ్యాసం గురించి సెమినార్లలో ఎన్నోసార్లు మాట్లాడాను. ఆమె గురువుల గొప్పతనం ఎక్కడుందో మాత్రం పత్తి చేను చూశాకే అర్థమైంది. ఆమె బాధను వాళ్ళు రాసి పెట్టలేదు. ఆమె తనే రాసుకునేట్టు చేశారు.

తర్వాతి ఏడు పద్ధతి మార్చాను. ఇప్పుడు బల్ల మా కాలేజీ చెట్టు కింద ఉంటుంది. రెండో, మూడో సంవత్సరం పిల్లలు కూర్చుంటారు. ఒకటే నియమం: పక్కన కూర్చుని చెప్పాలి, ఎదుటివాళ్ళ దరఖాస్తు నింపకూడదు. నేర్చుకున్నవాళ్ళు ఇంకో ఇద్దరికి నేర్పాలి. గడువు తేదీలు, ఎవరిది ఎక్కడ ఆగిందో రాసే రిజిస్టరు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఈ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైందని, అప్పుడు వైస్రాయి కౌన్సిల్లో అంబేద్కర్ సభ్యుడని, ఇది ఎవరి దయా కాదని కూడా కొత్తవాళ్ళకు వాళ్ళే చెబుతారు.

మొదట్లో తప్పులు జరిగాయి. నేను చేస్తే పది నిమిషాల్లో అయ్యే పనికి రెండు రోజులు పట్టేది. చేతులు కట్టుకుని కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమైంది. ఫోన్ మోగడం తగ్గితే, నిజం చెప్పాలంటే, చిన్నబుచ్చుకున్నాను కూడా.

ఈ మధ్య ఒక కుర్రాడు ఆఫీసుకు పోయి తన దరఖాస్తు ఎందుకు ఆగిందని అడిగాడు. "మీ సార్‌ను రమ్మను" అన్నారట. "దరఖాస్తు నాది సార్, నాకే చెప్పండి" అన్నాడట వీడు. ఈ సంగతి వాడు నాకు చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయమని వాడికి అనిపించలేదు. ఎవరో చెబితే మూడు రోజుల తర్వాత తెలిసింది.

ఉద్యమంలో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు లేని పది రోజులు మీ సంఘం నడుస్తుందా? ఒకసారి చూసుకోండి. నడవకపోతే మీరు కూడా ఎక్కడో ఒక అరుగు కడుతున్నట్టే. నా అరుగు కింద ఒక అమ్మాయి చదువు ఆగిపోయింది.

జై భీమ్.